ఓటమికి గౌరవం ఎక్కడిది? తెలుగు వీరగాథా సంప్రదాయం వెలుగులో గెలవని క్రీడాకారులు

వ్యాససంగ్రహం

క్రీడల చరిత్రను సాధారణంగా విజేతల పట్టికగా రాయడం ఆనవాయితీ. అయితే జనస్మృతిలో నిలిచిన క్రీడాకారులందరూ విజేతలు కారు. పతకం రాకపోయినా, జట్టు గెలవకపోయినా తరువాతి తరాలకు ప్రేరణగా నిలిచినవారు తెలుగు నేలమీద కూడా ఉన్నారు. మార్టేరుకు చెందిన పరుగు క్రీడాకారిణి సత్తి గీత, మచిలీపట్నం మూలాలున్న క్రికెటర్ సి.కె. నాయుడు, హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, గండిగుంటకు చెందిన బరువుల క్రీడాకారుడు దండమూడి రాజగోపాలరావు ఇందుకు ఉదాహరణలు. వీరి క్రీడాజీవితాలను తెలుగు వీరగాథా సంప్రదాయంతో పోల్చి, ఓడినవారు ఎప్పుడు స్ఫూర్తినిస్తారు, ఎప్పుడు ఇవ్వరు అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్రీడాచరిత్ర, వీరగాథ, ఓటమి, స్ఫూర్తి, గోదావరి డెల్టా, ఒలింపిక్స్, జనస్మృతి.

1. ఉపోద్ఘాతం

పశ్చిమ గోదావరి జిల్లాలోని పెంటపాడు, తాడేపల్లిగూడెం, అత్తిలి, పెనుమంట్ర మండలాలు కాలువల నీటితో పండే వరిసీమ. దీనికి పడమటి దిక్కున కొల్లేరు. పెనుమంట్ర మండలంలోని మార్టేరు అనగానే పరిశోధకులకు వరి పరిశోధన కేంద్రమూ, అక్కడ రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ వరి వంగడమూ గుర్తుకు వస్తాయి. అదే మార్టేరులో 1983లో జన్మించిన సత్తి గీత 400 మీటర్ల పరుగులో దేశస్థాయికి ఎదిగి, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న భారత మహిళల 4×400 మీటర్ల రిలే బృందంలో స్థానం పొందారు. ఆ బృందం ప్రాథమిక పోటీలో 3 నిమిషాల 26.89 సెకన్లలో పరుగు పూర్తిచేసి జాతీయ రికార్డు నెలకొల్పింది. ఫైనల్‌కు చేరి ఏడవ స్థానంలో నిలిచింది.

ఏడవ స్థానానికి పతకం లేదు. పతకాల పట్టికలో ఆ పరుగుకు ఒక్క గడి కూడా దక్కదు. అయినా నాటి జాతీయ రికార్డు ఆ తరువాత ఇరవై ఏళ్ళపాటు చెక్కుచెదరలేదు. అంటే ఈ ఇరవై ఏళ్ళలో భారతదేశంలో 400 మీటర్ల రిలేకు సిద్ధమైన ప్రతి మహిళా బృందమూ కొలుచుకోవలసివచ్చింది ఆ ‘ఓడిన’ బృందంతోనే. దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతోంది. గెలుపు ఓటములను నిర్ణయించే కొలమానమూ, స్ఫూర్తిని నిర్ణయించే కొలమానమూ ఒకటి కావు. ఈ రెండు కొలమానాలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నదే ఇక్కడి చర్చాంశం.

గీత క్రీడాజీవితంలో విజయాలు లేవని దీని అర్థం కాదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం సాధించిన భారత రిలే బృందంలో ఆమె సభ్యురాలు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మాత్రం భారత బృందం ప్రాథమిక దశ దాటలేదు. ఆసియాలో గెలుపు, ప్రపంచ వేదికపై ఓటమి అనే ఈ రెండంచుల అనుభవం ఒక్క గీతది మాత్రమే కాదు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు క్రీడాకారులలో చాలామందిది ఇదే స్థితి.

2. ఓడినవారిని పాడుకున్న సంప్రదాయం

తెలుగువారి మౌఖిక వీరగాథలను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ప్రసిద్ధమైన గాథలలో అధికభాగం గెలిచిన పక్షం కథలు కావు. పల్నాటి వీరగాథలో కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం విడిచి వనవాసానికి పోవలసివస్తుంది. కారెంపూడి యుద్ధంలో బాలచంద్రుడు మరణిస్తాడు. అయినా కారెంపూడిలో నేటికీ ఏటేటా వీరారాధన జరుగుతోంది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో కోట పడిపోయింది. గెలిచినవారు ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు. కాని జంగం కథకులు ఊరూరా పాడినది మాత్రం పడిపోయిన కోట కథను, తాండ్ర పాపారాయుడి కథను. అల్లూరి సీతారామరాజు 1924లో కాల్పులకు బలయ్యాడు. ఆ ఉద్యమం ఆనాటికి అణగిపోయింది. అయినా బుర్రకథ గొంతెత్తినది ఆయన కోసమే.

దీనినిబట్టి తెలుగు సంప్రదాయం ఓటమినే గౌరవిస్తుందని తేల్చడం తొందరపాటు అవుతుంది. అదే సంప్రదాయంలో ఖడ్గతిక్కన కథ ఉంది. నెల్లూరు మనుమసిద్ధి సేనాని అయిన తిక్కన, పుల్లరి తగాదాలో కాటమరాజు పక్షంతో పోరాడి, సేన నశించగా ఇంటికి తిరిగివచ్చాడు. భార్య చానమ్మ అతని స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచిందనీ, తల్లి ప్రోలమ విరిగిన పాలు పోసిందనీ కథ. ఆ అవమానానికి తాళలేక అతడు మళ్ళీ రణరంగానికి వెళ్ళి ప్రాణాలు విడిచాడు. చాటు సంప్రదాయం తిక్కనను కీర్తించింది ఈ రెండవ ప్రయాణానికే.

బాలచంద్రుడి పక్షమూ గెలవలేదు, తిక్కనా గెలవలేదు. ఇద్దరి కథల్లోనూ గౌరవానికి కొలత ఫలితం కాదు, బరిలో నిలవడం. తెలుగు భాష కూడా ఈ భేదాన్ని పాటిస్తుంది. ‘ఓటమి’ ఒక ఫలితం. ‘పరాభవం’ ఒక అవమానం. ‘వెన్ను చూపడం’ ఒక నడవడి. ఓటమి ఎదుటివాడి బలం వల్ల కలగవచ్చు. వెన్ను చూపడం మాత్రం తన నిర్ణయం. వీరగాథ మొదటిదాన్ని మన్నిస్తుంది, మూడవదాన్ని మన్నించదు. క్రీడారంగంలో గెలవని వారి స్ఫూర్తిని అర్థం చేసుకోవడానికి ఈ భేదం ఒక ఉపకరణంగా పనికివస్తుంది.

డెల్టా పల్లెల్లో ఆడే చెడుగుడులోనూ ఇదే భావన ఆట నియమంగా ఉంది. కూతకు వెళ్ళి పట్టుబడినవాడు ‘చచ్చాడు’. తన జట్టువాడు ఎదుటిపక్షంలో ఒకరిని కొట్టి వచ్చినప్పుడు వాడు ‘బతుకుతాడు’. ఓటమి ఇక్కడ అంతిమం కాదు. ఒకరి ఓటమిని మరొకరు తీర్చగలరు. గీత గీసిన నేలమీద పిల్లలు నేర్చుకునే ఈ పరిభాష ఓటమిని వ్యక్తి సొంత ఆస్తిగా కాక జట్టు ఉమ్మడి ఖాతాగా చూస్తుంది. గెలవని క్రీడాకారుడి స్ఫూర్తి పనిచేసే తీరు కూడా ఇంతే. అతడి ఓటమిని తరువాత వచ్చినవారు బతికిస్తారు.

3. ఒక్క టెస్టు గెలవని తొలి నాయకుడు

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. ఆయన కుటుంబానికి మచిలీపట్నంలో మూలాలున్నాయి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టుపై ఆయన 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. ఆ పోటీ ఫలితం తేలకుండానే ముగిసింది. అయినా భారతీయులు ఇంగ్లండు జట్టుకు దీటుగా ఆడగలరన్న నమ్మకాన్ని కలిగించిన ఇన్నింగ్స్‌గా అది చరిత్రకెక్కింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడటానికి అనుకూలమైన వాతావరణం ఆ పర్యటనలోనే రూపొందింది.

1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో ప్రారంభమైన భారతదేశపు తొలి టెస్టుకు నాయుడు నాయకుడు. చేతికి గాయమైనా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసి జట్టులో అత్యధిక స్కోరు సాధించారు. భారత్ 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. 1933–34లో స్వదేశంలో ఆయన నాయకత్వంలో ఆడిన మూడు టెస్టులలో రెండు ఓడి, ఒకటి డ్రా అయింది. 1936లో విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలో ఆయన మరో మూడు టెస్టులు ఆడారు. వాటిలోనూ రెండు ఓటములు, ఒక డ్రా. చివరిదైన ఓవల్ టెస్టులో గబ్బీ ఆలెన్ వేసిన బంతి శరీరానికి బలంగా తగిలినా క్రీజు విడవక 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే.

మొత్తం లెక్క చూస్తే 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25, విజయాలు సున్న. భారతదేశం తొలి టెస్టు విజయం సాధించినది 1952 ఫిబ్రవరిలో, మద్రాసులో. అప్పటికి నాయుడు చివరి టెస్టు ఆడి పదిహేనేళ్ళు దాటింది. అంకెల ప్రకారం చూస్తే ఆయన టెస్టుజీవితం సాధారణమైనది. అయినా 1933లో విజ్డెన్ ఆయనను ఆ ఏటి మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది. 1956లో పద్మభూషణ్ లభించింది. దేశంలో యువ క్రికెటర్ల జాతీయపోటీ ఆయన పేరుతోనే జరుగుతోంది. క్రికెట్ మండలి 1994 నుంచి ఇస్తున్న జీవనసాఫల్య పురస్కారమూ ఆయన పేరిటే ఉంది.

ఈ గౌరవానికి కారణం ఆయన ఆటతీరు మాత్రమే అనుకుంటే సగమే చెప్పినట్లవుతుంది. వలసపాలనలోని జనానికి పాలకుల ఆటలో పాలకుల ఎదుట తడబడకుండా నిలిచిన మనిషి అవసరమయ్యాడు. గెలుపు ఆ అవసరంలో మొదటి షరతు కాదు. గాయపడినా క్రీజు విడవకపోవడం, పెద్ద బౌలర్లను సిక్సర్లు కొట్టడం అనేవి వీరగాథా ప్రమాణంలో సరిపోయే పనులు. ఆ తరువాత వచ్చిన విజయాలకు పునాదిరాయి వేసినవాడిగా ఆయనను తరువాతి తరం గుర్తించింది. చెడుగుడు భాషలో చెప్పాలంటే 1952 జట్టు 1932 జట్టును బతికించింది.

ఇక్కడ మరో అంశం గమనార్హం. నాయుడు దేశీయ క్రికెట్‌లో విజేతే. హోల్కర్ జట్టు నాయకుడిగా నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచారు. 1953–54లో ఆంధ్ర జట్టు రంజీ బరిలోకి అడుగుపెట్టినప్పుడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో దానికి నాయకత్వం వహించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంవత్సరమే అది. అనుభవం లేని జట్టుతో గెలుపు ఆశించి ఆయన ఆ బాధ్యత తీసుకున్నారనుకోలేము. దారి వేయవలసినవాడు గెలుపు లెక్క చూసుకోడు అనడానికి ఇది మంచి సాక్ష్యం.

4. నాలుగవ స్థానం: రహీం, హైదరాబాదు ఫుట్‌బాల్

గెలవకపోవడంలోనూ స్థాయీభేదాలుంటాయి. భారత ఫుట్‌బాల్ చరిత్ర ఈ భేదాన్ని స్పష్టంగా చూపుతుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో అధికభాగం బూట్లు లేకుండా ఆడిన భారత జట్టు ఫ్రాన్సు చేతిలో 1–2 తేడాతో ఓడింది. రెండు పెనాల్టీలు చేజారకుంటే ఫలితం మారేది. వట్టికాళ్ళతో ఐరోపా జట్టును నిలవరించారన్న కథ దేశమంతటా వ్యాపించింది. ఆ కథలో గర్వం ఉంది; పాఠం లేదు. నాలుగేళ్ళ తరువాత, 1952 హెల్సింకీలో చలిలో, తడినేలమీద, చాలామంది బూట్లు లేకుండానే ఆడిన భారత జట్టును యుగోస్లావియా 10–1 తేడాతో ఓడించింది.

ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణనిచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. హెల్సింకీ ఓటమి తరువాత బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. ఆటలో బంతిని త్వరగా అందించడం, స్థానాలు మార్చుకోవడం, శరీరదార్ఢ్యం వంటి అంశాలపై రహీం దృష్టి పెట్టారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ఆయన తీసుకువెళ్ళిన జట్టులో హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాళ్ళు గణనీయంగా ఉన్నారు. హంగరీ తప్పుకోవడంతో మొదటి అడ్డంకి తొలగింది. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. నెవిల్ డిసౌజా ఆ పోటీలో మూడు గోల్స్ చేశారు. సెమీఫైనల్‌లో యుగోస్లావియాపై మొదటి గోల్ కూడా భారత్‌దే. చివరకు 1–4 తేడాతో ఓడింది. కాంస్యపతక పోటీలో బల్గేరియా చేతిలో 0–3 తేడాతో ఓడి నాలుగవ స్థానం పొందింది.

హెల్సింకీలో పది గోల్స్ చేసిన యుగోస్లావియాపైనే నాలుగేళ్ళలో మొదటి గోల్ కొట్టే స్థితికి రావడం ఆ నాలుగవ స్థానానికి అసలైన విలువ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ హంగరీ చేతిలో 1–2, పెరూ చేతిలో 1–3 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1–1గా సమంగా నిలిచింది. హంగరీ, పెరూలపై గోల్స్ చేసినవారు సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2–1 తేడాతో గెలిచి స్వర్ణం సాధించిన జట్టుకు రహీమే శిక్షకుడు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న ఆయన 1963 జూన్‌లో మరణించారు.

1948, 1956 జట్లు రెండూ గెలవలేదు. అయినా వాటి స్ఫూర్తి ఒకే తీరుది కాదు. 1948 ఓటమి ఒక అందమైన కథగా మిగిలి, లోటును కప్పిపుచ్చింది. 1952 ఓటమి ఆ లోటును బయటపెట్టింది. 1956 ఓటమి, ఆ లోటును పూడ్చుకునే ప్రయత్నానికి కొలతగా నిలిచింది. ఓటమిని కథగా మాత్రమే చెప్పుకుంటే అది మత్తుగా మారుతుంది. దాని కారణాన్ని కూడా చెప్పుకుంటే పాఠమవుతుంది. గెలవనివారి స్ఫూర్తిని కీర్తించేవారు ఈ ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. మైదానం, బూట్లు, శిక్షకుడు, పోషకాహారం లేక ఓడినవారిని వీరులుగా పొగడటం వల్ల ఆ వసతులు కల్పించవలసినవారి బాధ్యత తీరిపోదు.

5. బరువు మోసినవారు: దండమూడి నుంచి నేటివరకు

కృష్ణాజిల్లా ఉయ్యూరు సమీపంలోని గండిగుంటలో 1916లో జన్మించిన దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించారు. పతకం రాలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో కాంస్యం పొందారు. ‘నర్తనశాల’ చిత్రంలో భీముడిగా ప్రేక్షకులకు పరిచితులయ్యారు. విజయవాడలో ఆయన పేరిట ఇండోర్ స్టేడియం ఉంది.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం సాధించిన కరణం మల్లీశ్వరి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ. ఆమె శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారు. రాజగోపాలరావు ఓటమికీ మల్లీశ్వరి గెలుపుకూ నేరుగా కార్యకారణ సంబంధం చూపడం శాస్త్రీయం కాదు. కాని ఒక ప్రాంతంలో ఒక ఆట ‘మనవాళ్ళూ ఆడే ఆట’ అన్న గుర్తింపు పొందడానికి పతకం తెచ్చినవారికంటే ముందు, పతకం లేకుండా తిరిగివచ్చినవారు అవసరం. బరి ఒకటి ఉందని ఊరికి తెలియాలంటే ఎవరో ఒకరు ముందుగా వెళ్ళిరావాలి.

ఇటీవలి ఉదాహరణగా విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజిని పేర్కొనవచ్చు. 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు పూర్తిచేసిన తొలి భారతీయ మహిళగా నిలిచిన ఆమె, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ అంశంలో పాల్గొన్న తొలి భారతీయురాలు. అక్కడ ప్రాథమిక పోటీలో 13.16 సెకన్లతో ఏడవ స్థానం పొంది, తరువాతి అవకాశంలోనూ సెమీఫైనల్ చేరలేకపోయారు. ఏథెన్స్‌లో గీత బృందం స్థానమూ ఏడే. రెండు ఏడవ స్థానాల మధ్య ఇరవై ఏళ్ళు. రెండూ పతకాల పట్టికలో కనిపించవు. కాని డెల్టాలోనో, తీరంలోనో ఒక బడిపిల్ల ‘అక్కడిదాకా మన ఊరి పక్కవాళ్ళు వెళ్ళారు’ అని చెప్పుకోగలగడం ఈ రెండు ప్రయాణాల వల్లనే సాధ్యమైంది.

6. స్ఫూర్తికి మూలం: అందుబాటు

1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి మొదటివాడుగా స్టేడియంలోకి వచ్చి, పలుమార్లు పడిపోగా అధికారులు లేవనెత్తారు. అందువల్ల ఆయనను పోటీ నుంచి తొలగించారు. మరునాడు అలెగ్జాండ్రా రాణి ఆయనకు ప్రత్యేకంగా ఒక కప్పు బహూకరించారు. అదే క్రీడల సందర్భంలో బిషప్ టాల్బట్ చేసిన ప్రసంగం ఆధారంగా, గెలవడంకంటే పాల్గొనడం ముఖ్యమన్న భావనను పియెర్ ద కూబర్తెన్ ప్రచారం చేశారు. 1968 మెక్సికో మారథాన్‌లో టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అఖ్వారీ మోకాలి గాయంతో, విజేత వచ్చిన గంటకు పైగా ఆలస్యంగా, చివరివాడుగా గమ్యం చేరారు. ఆ ఏడు గెలిచిన ఇథియోపియా పరుగువీరుడు మామో వోల్డే పేరుకంటే అఖ్వారీ పేరే నేడు ఎక్కువగా వినిపిస్తుంది. భారతదేశంలో 1960లో మిల్ఖాసింగ్, 1984లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం కోల్పోయిన పి.టి. ఉష నాలుగవ స్థానాలు ఇదే కోవలోనివి.

మనస్తత్వశాస్త్ర పరిశోధన ఇందుకు ఒక వివరణ ఇస్తుంది. పెనెలోపి లాక్‌వుడ్, జీవా కుందా 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆదర్శవ్యక్తి సాధించినది తనకూ సాధ్యమే అనిపించినప్పుడు మనిషి ఉత్తేజం పొందుతాడు. అది తనకు అందనిదనిపించినప్పుడు నిరుత్సాహపడే అవకాశమూ ఉంది. ఈ దృష్టితో చూస్తే విజేతకు ఒక పరిమితి ఉంది. ప్రపంచ విజేత సామాన్యుడికి ఆశ్చర్యం కలిగిస్తాడు. ఓడి మళ్ళీ బరిలోకి దిగినవాడు మాత్రం దారి చూపుతాడు. ఎందుకంటే ఓటమి అందరికీ పరిచితమైన అనుభవం. గెలుపు అనుభవం కొందరికే ఉంటుంది.

కొల్లేరు చుట్టుపట్ల ముంపుకు నారు పోయిన రైతు నీరు తీయగానే మళ్ళీ నారు పోస్తాడు. ఆ ఏడు పంట రాకపోయినా వ్యవసాయం ఆగిపోలేదన్నది అతడి ఇంటికి ముఖ్యం. ఇటువంటి జీవితానుభవం ఉన్న సమాజంలో ఏడవ స్థానానికి కూడా అర్థం ఉంటుంది. అది గెలుపుకు ప్రత్యామ్నాయం కాదు, కొనసాగింపుకు హామీ.

7. పరిశీలనాంశాలు

పై ఉదాహరణల నుంచి గెలవని క్రీడాకారుడు స్ఫూర్తినివ్వడానికి నాలుగు లక్షణాలను గుర్తించవచ్చు. మొదటిది బరిలో చివరిదాకా నిలవడం. ఓవల్‌లో నాయుడు, మెక్సికోలో అఖ్వారీ ఇందుకు నిదర్శనం. రెండవది కొలవదగిన గుర్తు మిగల్చడం. ఏథెన్స్ రిలే బృందపు 3:26.89 అటువంటి గుర్తు. మూడవది తరువాతివారు ఆ దారిని కొనసాగించడం. 1952 మద్రాసు విజయం, 1962 జకార్తా స్వర్ణం ఇందుకు ఉదాహరణలు. నాలుగవది కథ చెప్పేవారుండటం. జంగం కథకులు లేకుంటే బొబ్బిలి ఒక ముట్టడిగా మిగిలిపోయేది.

ఈ నాలుగింటిలో మొదటి రెండూ క్రీడాకారుడి చేతిలో ఉన్నాయి. మూడవది సమాజం కల్పించే వసతులపై ఆధారపడుతుంది. నాలుగవది రచయితల, పరిశోధకుల, అధ్యాపకుల బాధ్యత. నేటి లోటు ఈ నాలుగవదానిలోనే ఎక్కువ. పెంటపాడు వంటి ఒక మండలం క్రీడాచరిత్ర రాయాలని ఎవరైనా సంకల్పిస్తే, కళాశాల గోడమీది విజేతల పట్టిక, కప్పుల బీరువా తేలికగా దొరుకుతాయి. జిల్లా జట్టుకు ఎంపికై రాష్ట్రస్థాయిలో మొదటి పోటీలోనే ఓడివచ్చిన చెడుగుడు ఆటగాడి పేరు ఆ పట్టికలో ఉండదు. వ్యాయామోపాధ్యాయుల దినచర్య పుస్తకాలు, కళాశాలల వార్షిక సంచికలు, పాత ఫొటోలు, ఆటగాళ్ళ మౌఖిక కథనాలు మాత్రమే ఆ పేరును నిలబెట్టగలవు. ఆ పుస్తకాలు చెదలు పట్టకముందే, ఆ మనుషులు ఉండగానే ఈ సేకరణ జరగాలి. వీరగాథలను సేకరించిన తెలుగు పరిశోధనకు ఇది కొత్త పని కాదు. అదే పనికి కొత్త క్షేత్రం.

తరగతి గదికి కూడా ఈ చర్చతో సంబంధం ఉంది. జిల్లాస్థాయిలో ఒకసారి ఓడగానే ఆట మానేసే విద్యార్థులు, అందులోనూ విద్యార్థినులు, ప్రతి కళాశాలలోనూ ఉంటారు. పతకాన్ని మాత్రమే లెక్కించే వ్యవస్థ వారికి ఆట మానమనే చెబుతుంది. గీత, నాయుడు, బలరాం వంటివారి పూర్తి చరిత్రను, గెలుపులతోపాటు ఓటములనూ, ఓటముల కారణాలనూ కలిపి బోధించినప్పుడు ఆ విద్యార్థికి మరో మాట వినిపిస్తుంది.

ముగింపు

తెలుగు వీరగాథా సంప్రదాయం ఓటమిని కీర్తించలేదు. ఓటమి ఎదుట మనిషి నడవడిని కీర్తించింది. గెలవని క్రీడాకారులు స్ఫూర్తినివ్వడానికి మూలకారణమూ అదే. సి.కె. నాయుడు ఏడు టెస్టులలో ఒక్క విజయమూ చూడలేదు. రహీం జట్టు మెల్‌బోర్న్ నుంచి పతకం లేకుండా తిరిగివచ్చింది. మార్టేరు అమ్మాయి ఉన్న బృందం ఏథెన్స్‌లో ఏడవ స్థానంలో ఆగింది. ఈ మూడింటిలోనూ తరువాతి తరం అందుకోవలసిన గీత ఒకటి గీసి ఉంది. ఆ గీతను గుర్తించి, అది గీసినవారి పేరు రాసిపెట్టడం క్రీడాచరిత్రకారుల పని. అదే గీతను దాటడానికి కావలసిన మైదానాన్ని కల్పించడం ప్రభుత్వాల, విద్యాసంస్థల పని. ఈ రెండు పనులూ జరిగినప్పుడే ఓడినవారికి ఇచ్చే గౌరవం ఓదార్పుగా కాక చరిత్రగా నిలుస్తుంది.